గడపలు తీసేసిన ఇల్లు

అక్కా, మన నంద్యాల ఇంటి గడపలన్నీ తీయించేశాను. అరవకు, ముందు విను.

నువ్వు పోయాక ఇల్లు అద్దెకిచ్చెయ్యమన్నారు అందరూ. నేను వినలేదు. మనిషి సాయం కావాల్సిన పెద్దవాళ్లు ఉండేలా ఇంటిని మార్చేశాను. నా పొదుపంతా ఇందులోనే పెట్టాను. నువ్వుంటే ముందు నన్ను తిట్టి, తర్వాత గోడల రంగులు నువ్వే ఎంచేదానివి. బాత్రూముల్లో పట్టుకోవడానికి కమ్మీలు, కాలు జారని బండలు, ప్రతి మంచం పక్కనా బెల్లు, ఎప్పుడూ ఒక నర్సు. ఇంకా తెరవకముందే మూడు గదులు మాట్లాడుకున్నారు, తెలుసా!

చక్రాల కుర్చీలకు అడ్డమని మిగతా గడపలన్నీ తీయించినా, తలవాకిలి గడప దగ్గర మాత్రం నాకు చెయ్యాడలేదు. ప్రతి శుక్రవారం నువ్వు పసుపు పూసిన గడప అది. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పి ఒక్క మాటలో తేల్చేశాడు.

"దానికేందమ్మా, నేలకు సమంగా రాయి ఏస్తా. నువ్వు పసుపు పూసుకో, కుర్చీ దానిపాటికది పోతాది."

ఈరోజు పొద్దున మొదటి పెద్దావిడ వచ్చింది, ఉయ్యాలవాడ నుంచి. ఆమె చక్రాల కుర్చీని నేనే తోసుకొచ్చాను. పసుపు తడి ఆరని ఆ రాతి దగ్గరికి రాగానే, చివరి ఏడాదంతా నిన్ను నడిపిస్తూ అన్న మాటే నోట్లోంచి వచ్చేసింది.

"మెల్లగా, గడపుంది."

ఆవిడ కిందికి చూసి, వెనక్కి తిరిగి నవ్వింది.

"యాడుందమ్మా గడప? లోపలికొచ్చేసినాం గదా!"