దండల రాయుడి ఆస్తి పంపకం

చిత్తూరు జిల్లా, నగరిలో మరమగ్గాల షెడ్డు వెనక వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు మునస్వామి కుమారుడు, అరవై ఎనిమిదేళ్ళ చెంగల్రాయుడు అనే నేను, మనసు, బుద్ధి, జ్ఞాపకం మూడూ సక్రమంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఏమనగా:

బుద్ధి సక్రమంగా ఉందన్న మాటకు నా భార్య తిరుమలమ్మ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరాన్ని కూడా రాయమన్నాను. రాస్తున్నది మా కూతురు స్రవంతి. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది కాబట్టి 'తదనంతరం', 'సర్వహక్కులు' లాంటి మాటలు తడుముకోకుండా రాయగలదు.

ఇదివరకు నేను ఏ వీలునామా రాయలేదు. పంచడానికి పెద్దగా ఏమీ లేకపోవడమే కారణం. ఇప్పుడు రాయడానికి కారణం ఒక ఫ్లెక్సీ.

మొన్న ఆగస్టులో గుండె నొప్పి వస్తే నన్ను తిరుపతికి తీసుకుపోయి స్టెంటు వేయించారు. నేను ఆసుపత్రిలో ఉండగా, మా వీధిలో ఇడ్లీ అంగడి నడిపే పంకజాక్షికి ఎవరో ఫోన్ చేసి రాయుడన్న పోయినాడని చెప్పారు. ఆమె ఏడ్చింది. నిజంగానే ఏడ్చిందని నలుగురు చెప్పారు, అందుకు నేను కృతజ్ఞుణ్ణి. కానీ ఏడుస్తూనే సంతాపం ఫ్లెక్సీకి చెప్పింది. ఫోటో కావాలన్నారు. నలభై ఏళ్ళు మెడలో కెమెరాతో తిరిగినవాడి ఫోటో వీధంతా వెతికినా ఒక్కటి దొరకలేదు. ప్రతి ఫోటోకూ నేను వెనకే ఉన్నాను మరి. చివరికి తిరుమలమ్మ పొదుపు సంఘానికి ఇచ్చిన కాగితాల్లో నా ఆధార్ కార్డు జిరాక్సు దొరికింది. దాన్నే నిలువెత్తు చేశారు. అందులో నేను సంతాపానికి కాదు, పోలీసు స్టేషన్ గోడకు పనికొచ్చేట్టున్నాను.

నేను బతికి వచ్చాను. ఫ్లెక్సీని పారేయడానికి పంకజాక్షికి మనసొప్పలేదు. "మంచి గట్టి ప్లాస్టిక్ పట్టన్నా, ఎంత వానొచ్చినా కారదు" అని అంగడికి పైకప్పుగా కట్టేసింది. అచ్చువేసిన వైపు లోపలికి పెట్టింది, మర్యాద కోసమట. పొద్దున్నే ఇడ్లీకి పోయి తలెత్తితే 'అశ్రునయనాలతో' అన్న అక్షరాల కింద నేనే నన్ను గుడ్లప్పగించి చూస్తుంటాను. చట్నీ గొంతు దిగదు.

కాబట్టి ఈ వీలునామాలో అసలు విషయం ఒకటే: నేను పోయాక గోడమీద ఏ ఫోటో పెట్టాలి? దానికి ముందు వచ్చేవన్నీ సినిమాకు ముందు వేసే స్లైడ్లు.

ఒకటి. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, వసారా, వెనక ఉన్న కరివేపాకు చెట్టు నా తదనంతరం తిరుమలమ్మకు, ఆమె తదనంతరం స్రవంతికి సర్వహక్కులతో చెందాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ ఉన్నవి ఇకమీదట వస్తాయి.

రెండు. నా సంగీతం. మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. మగ్గాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినబడదు. ఆ హోరులో పొద్దంతా గొంతెత్తి సినిమా పాటలు పాడేవాణ్ణి. నా చెవికి అమోఘంగా ఉండేది. ఒకరోజు చరణం మధ్యలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి, నేను ఆగలేదు. "ఎవురికప్పా దెబ్బ తగిలింది? మగ్గంలో యేలు పెట్టినారా?" అని మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. షెడ్డంతా కిందపడి దొర్లి నవ్వింది.

అయినా నాకు బుద్ధి రాలేదు. నా స్నేహితుడు నూర్ అహ్మద్‌కు అప్పట్లో పాటలు క్యాసెట్లకు ఎక్కించి ఇచ్చే అంగడి ఉండేది. ఇప్పుడు అదే అంగట్లో ఫోన్లకు రీచార్జి చేస్తాడు. వాడి దగ్గర నా పాటలతో ఒక క్యాసెట్టు నింపించుకున్నాను. వారం తిరక్కుండా దాని మీద ఎవరి పెళ్ళికో బ్యాండు మేళం ఎక్కించేశాడు. అడిగితే "పొరపాటయిందప్పా, ఖాళీ క్యాసెట్టనుకున్నా" అన్నాడు. విన్న తర్వాత కూడా ఖాళీ అనే అనుకున్నాడట.

ఇందుకు శిక్షగా నా మౌత్ ఆర్గాన్ వాడికే రాసిస్తున్నాను. దాన్లో సగం రంధ్రాలు పలకవు. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత కూడా వాడిదే. ఎందుకంటే ఆసుపత్రిలో నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నేను షెడ్డులో పాడిన పాటలన్నీ ఒక్కటి మరవకుండా కూనిరాగం తీసినవాడు వాడు. నా గొంతే నయం. లేచి నోరు మూయించాలన్న పట్టుదలతోనే నేను బతికానని డాక్టరుకు కూడా చెప్పాను. వాడంటే నాకు ప్రాణం. ఇది మొహం మీద ఎప్పుడూ చెప్పలేదు, ఇక్కడ రాయిస్తున్నాను.

మూడు. నా సినిమాలు. మాది సరిహద్దు ఊరు. తమిళ సినిమా తిరుత్తణికి ముందు వచ్చేది, అదే తెలుగు మాటలతో మా ఊరికి ఎప్పటికో వచ్చేది. నేను రెండూ చూసేవాణ్ణి. మొదటిది నా కోసం, రెండోది పక్కసీటువాడికి కథ ముందే చెప్పడం కోసం. పెళ్ళయిన కొత్తలో తిరుమలమ్మ నా పక్కన కూర్చుంది. "సూస్తా ఉండు, ఈ మంచోడే ఆకరికి దొంగ" అని నేను చెప్పగానే లేచి ఆడవాళ్ళ బెంచీల వైపు పోయింది. పోయింది పోయిందే. అప్పటినుంచీ ఒకే సినిమాకు పోతాం, వేరువేరుగా చూసి వస్తాం.

ఆ టాకీసు పడగొట్టి కల్యాణ మండపం కట్టినప్పుడు, ఒకే ఇనుప చట్రంలో అతికి ఉన్న రెండు సీట్లు అడిగి తెచ్చుకున్నాను. వసారాలో వేసి ఉన్నాయి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను. రెండోదాంట్లో తిరుమలమ్మ ఎండుమిరపకాయల చేట పెడుతుంది, తను మాత్రం గడప మీదే కూర్చుంటుంది. ఆ రెండు సీట్లూ ఆమెకే. నా సీటు ఖాళీగా పెట్టుకుని బాధపడనక్కరలేదు, దాంట్లో చింతపండు ఆరబెట్టుకోవచ్చు.

నాలుగు. నా కెమెరాలు. మద్రాసు బర్మా బజారులో కొన్న రోలు కెమెరా ఒకటి, బ్యాటరీ మూతను రబ్బరుబ్యాండు పట్టుకుని ఉన్న చిన్న డిజిటల్ కెమెరా ఒకటి.

నేను తీసిన ఫోటోల్లో సమస్తమూ ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. కరెంటు స్తంభాలు, గాలిగోపురాలు, పెళ్ళికొడుకులు, ఏదీ మినహాయింపు కాదు. పుత్తూరు కట్టు వల్ల అట్లా అయిందని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. ఫోటో కోసం స్టూలెక్కి కిందపడి, పుత్తూరు పోయి ఎముకల కట్టు కట్టించుకున్న మాట వాస్తవం. అయితే ఆ కట్టు మోకాలికి. చక్కగా అతుక్కుంది, ఆ మోకాలితోనే తిరుమల కొండ నడిచి ఎక్కాను. చేతులకు ఏనాడూ ఏమీ కాలేదు.

ఇక నాకు దండల రాయుడని పేరెట్లా వచ్చిందో రాయాలి. మా మేనత్త నాగులమ్మ మనవడి పెళ్ళిలో, వంటల దగ్గర, అప్పడం కొరకలేక ఆమె బోసినోటితో నవ్వుతుంటే ఒక ఫోటో తీశాను. చుట్టూ ఇంకొందరున్నారు. ఏడాది తిరిగేసరికి ఆమె పోయింది. డబ్బు పోసి చేయించిన పెళ్ళి ఆల్బం తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఆమె ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. నా ఫోటో తీసుకుపోయి, చుట్టూ ఉన్నవాళ్ళను కత్తెరతో కోసేసి, ఆమెను మాత్రం పెద్దది చేయించి దండ వేశారు. ఎడమకు ఒరిగి ఉండటం వల్ల ఎవరిమాటో వినడానికి వంగినట్టుంది. "నాగులమ్మ ఇప్పుడే పలికేట్టు ఉండాది, ఎవురప్పా తీసినారు?" అని వచ్చినవాళ్ళు అడిగారు. నా ఫోటోను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. చావింట్లో నాకెంత సంతోషమేసిందో చెప్పుకుంటే సిగ్గుచేటు.

తర్వాత పక్కింటి యశోదమ్మ పోయింది, నా ఫోటోయే. ఆ తర్వాత మా మేస్త్రీ, మళ్ళీ నా ఫోటోయే. నేను కెమెరా ఎత్తితే ఎవరూ లెక్కచేసేవారు కాదు, బిగుసుకునేవారు కాదు, అందుకని మనుషులు ఉన్నట్టుగా పడేవారు. పైగా పని లేకుండా అరుగుల మీద కూర్చుని నాకు దొరికేది ముసలివాళ్ళే. ముసలివాళ్ళు పోవడంలో నా తప్పేముంది? వీధి మాత్రం వేరే రకంగా అర్థం చేసుకుంది. పంకజాక్షి అందరికంటే ముందుగా అర్థం చేసుకుంది: "రాయుడన్న ఆ పెట్టె ఎత్తినాడంటే పూలంగడికి సెప్పి పెట్టుకోవాల్సిందే."

అంతే. నేను దండల రాయుణ్ణయిపోయాను. నన్ను చూస్తే మగవాళ్ళు మొహానికి తువ్వాలు కప్పుకోవడం మొదలుపెట్టారు. పెళ్ళికి పిలిచేవాళ్ళు "పెట్టె ఇంట్లో పెట్టేసి రాన్నా" అని చెప్పి మరీ పిలిచేవారు. కొత్త అల్లుడొకడు నన్ను చూసి మండపం గోడ దూకాడు. నా ఫోటోలు వీధిలో ఎన్ని గోడల మీద ఉన్నాయో చెప్పలేను. వాటికి రోజూ దీపం కూడా పెడతారు. ఒక్కదాని కింద నా పేరు లేదు.

కెమెరాలు తీసుకోమంటే నూర్ అహ్మద్ "నాకొద్దప్పా, నాకు మనవళ్ళుండారు" అన్నాడు. కాబట్టి అవి, ఇనుపపెట్టెలోని నెగటివ్‌లతో సహా, స్రవంతికి. పారేయడానికి ఆమెకు పూర్తి హక్కు ఉంది. అయితే ముందు ఒక్కసారి వెలుతురుకు పెట్టి చూడాలి. ఆమె మొదటిసారి కాలేజీ బస్సెక్కిన పొద్దు అందులో ఉంది. బస్సు బాగా పడింది. కిటికీలోంచి ఊపిన ఆమె చెయ్యి కూడా పడింది.

ఐదు. తిరుమలమ్మ ఫోటో నా దగ్గర లేదు. మా పెళ్ళి ఫోటో ఇల్లు కారి అద్దానికి అతుక్కుపోయింది. ఆమె భుజం, నా చెవి మిగిలాయి. వీధి వీధంతా భయపడినా ఆమె భయపడదనుకున్నాను. కెమెరా ఎత్తితే ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. కోపమొచ్చి, నువ్వు కూడానా అని అరిచాను. "నాకు సావంటే బయమా ఏందయ్యా? నేను ముందు పోతే నీకు సంగటి ఎవురు కెలికి పెడతారు?" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. కెమెరాకు ఏదో పట్టినట్టు దాన్ని తుడుస్తూ కూర్చున్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఈ క్లాజులో ఎవరికీ ఏమీ రాసివ్వడం లేదు. ఊరికే రాయించాను.

ఆరు. వేరే ఫోటో లేదు కాబట్టి, నా తదనంతరం నా ఆధార్ ఫోటోనే పటం కట్టించి గోడకు పెట్టుకోవలసినది. దండ కాస్త లావుగా వేస్తే మొహం సగం కప్పబడిపోతుంది.

ఏడు. శవయాత్రకు పలక డప్పులు కొట్టించాలి. మైకులో ఏడుపు పాటలు వేయకూడదు. నా గొంతుతో ఉన్న క్యాసెట్టు ఎక్కడైనా దొరికినా వేయకూడదు, వచ్చినవాళ్ళు ఏ పాపం చేశారని?

ఎనిమిది. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు వీలునామాలో ఏమీ రాసివ్వకూడదని స్రవంతి చెప్పింది. అది విని పంకజాక్షిని సాక్షిగా పిలిపించాను. రెండో సాక్షి, చర్చిలో కీబోర్డు వాయించే జోయల్, ఆస్తి వివరాలు విన్నాక తనకు ఏమీ రానందుకు సంతోషంగా ఒప్పుకున్నాడు.

కొట్టివేత. పైన ఉన్న ఆరో క్లాజు ఈ రోజే కొట్టివేయబడినది. కారణం ఈ కింద రాయించడమైనది.

సంతకాలకు ముందు స్రవంతి అంతా పైకి చదివింది. ఆరోది చదవగానే తిరుమలమ్మ గడప మీదినుంచి లేచింది. "ఆ ఫ్లెక్సీ మూతికి నేను దినామూ దీపం పెట్టాల్నా? నా సేత కాదు" అని లోపలికి పోయింది. కోపమొచ్చిందనుకున్నాం. కాసేపటికి, నేను షెడ్డులో నా మగ్గం మీద నేసి తెచ్చిచ్చిన నీలం చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. మిరపకాయల చేట తీసి కింద పెట్టింది. నా పక్కసీట్లో కూర్చుంది.

"వద్దక్కా" అని పంకజాక్షి నెత్తి కొట్టుకుంది.

"ఊరికే ఉండుమ్మే. ఇద్దర్నీ కలిపి తీస్తే ఎవుర్నని తీసకపోతాది? తీయి జోయలూ" అంది తిరుమలమ్మ.

జోయల్ నా డిజిటల్ కెమెరాతో తీశాడు. తిన్నగా పడింది. నా కెమెరా ఒరగకుండా తీయడం ఇదే మొదటిసారి, కాబట్టి లోపం కెమెరాది కాదని కూడా ఇందుమూలంగా రుజువైంది. తిరుమలమ్మ సూటిగా చూస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంకొకటి తీస్తానని జోయల్ అన్నాడు. "సాలు. ఈయనకు ఎన్నిసార్లు తీసినా ఇంతే" అని ఆమె లేచి చేటను మళ్ళీ సీట్లో పెట్టింది.

ఆరు, కొత్తది. నా తదనంతరం గోడమీద ఈ ఫోటో పెట్టాలి. దీని దగ్గరికి ఎవరూ కత్తెర పట్టుకుని రాకూడదు. తిరుమలమ్మను కోసేసి నన్ను ఒక్కణ్ణి పెద్దది చేయకూడదు. బతికున్న మనిషి ఉన్న ఫోటోకు దండ వేయరు కాబట్టి, ఆమె ఉన్నన్నాళ్ళూ దీనికి దండ వేయకూడదు, బొట్టు పెట్టకూడదు, దీపం పెట్టకూడదు. దారినపోయేవాళ్ళు తొంగిచూస్తే, సినిమా చూస్తూ మొగుడు కునుకు తీసినట్టు, పెళ్ళాం మాత్రం కథ చూస్తున్నట్టు ఉండాలి.

నూర్ అహ్మద్ దీన్ని తప్పకుండా అమలు చేయాలి. పంకజాక్షి పూలు పట్టుకుని వస్తే గడప దగ్గరే ఆపాలి.

మొదట్లో రాసిన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటావా అని తిరుమలమ్మను అడిగించాను. తీసుకోనంది. ఆ అభ్యంతరంతో సహా అంతా చదివించుకుని, విని, ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

నగరి, రెండు వేల ఇరవై ఐదు నవంబరు పదహారు, ఆదివారం.

సంతకం: మ. చెంగల్రాయుడు

సాక్షులు:
జోయల్, చర్చి వీధి, నగరి
పంకజాక్షి, ఇడ్లీ అంగడి, మరమగ్గాల షెడ్డు వెనక వీధి, నగరి

రాసినది: స్రవంతి, కూతురు