సున్నపు తేటకు దొరకనిది

చిట్టితల్లికి,

నాన్న రాస్తున్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు, ఇది నవ్వే సంగతి కాదు. మన సున్నం లారీ రేపు నువ్వు పాఠాలు చెప్పే బడి మీదుగా పోతోంది, డ్రైవరు చేతికిస్తున్నాను.

మీ అమ్మకు బాగాలేదు. పది రోజులుగా పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం వాంతి. నిన్న నేను బట్టీ నుంచి వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఎవరు కావాలండీ?" అంది. నలభై ఒక్కేళ్ల కాపురంలో ఆవిడ నన్ను అండీ అనడం అదే మొదలు. భయమంటే తెలీని మొనగాణ్ణని పదిమందిలో చెప్పుకున్నవాణ్ణి, తల్లీ, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఆసుపత్రికి తీసుకెళితే అక్కడి బల్ల మీద రెండు గంటలు కూర్చునేసరికి శుభ్రంగా లేచింది. నర్సుకు నా మీద చాడీలు కూడా చెప్పింది. డాక్టరు ఏమీ లేదన్నాడు. ఇంటికొచ్చి పూట గడవకుండానే మళ్లీ మొదలు. కోపమొచ్చి, నా ఇల్లు చూస్తేనే నీకు రోగమా అన్నాను. కొంగు మొహం మీదికి లాక్కుని పడుకుంది. తిట్టినా బాగుండేది.

గాలి సంగతి నువ్వు అడుగుతావని తెలుసు. చలి మొదలైనప్పటినుంచి ఆవిడ మోకాళ్ల కోసం గదిలో కుంపటి పెడుతున్నాను. బట్టీలో ఎర్రగా కాలిన బొగ్గులు ఏరి తెస్తాను, పిసరంత పొగ ఉండదు. అయినా పరీక్ష చేశాను. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నాకు పాఠం చెప్పావు కదా. కాల్చిన సున్నం లోహం తాలూకు ఆక్సైడ్, అది క్షారం, ఎర్ర లిట్మస్ కాగితాన్ని నీలం చేస్తుంది. బొగ్గు కాలితే వచ్చే ఆక్సైడ్ ఆమ్లం, నీలాన్ని ఎర్రగా చేస్తుంది, సున్నపు తేటలో కలిస్తే తెల్లగా విరుగుతుంది. నేనేమీ మరిచిపోలేదు. ఒక గిన్నె తేట కుంపటి పక్కన, ఒకటి వసారాలో పెట్టాను. రెంటి మీదా ఇంచుమించు ఒకేలా పల్చని పొర కట్టింది. నువ్వు వదిలేసిన నీలం కాగితం తడిపి పెట్టాను, రంగు మారలేదు. సున్నంతో ముసలివాణ్ణయినవాణ్ణి, నాకు తెలీదా? గాలి మంచిదే. చలే ఆవిణ్ణి తినేస్తోంది. కిటికీ సందుల్లో గోనెగుడ్డ కుక్కాను. రేపు రెండో కుంపటి పెడతాను.

సెలవు దొరికితే వచ్చి చూసిపో. ఒక్కడినే ఉండలేకపోతున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పకు.

నీ నాన్న

*

చిట్టితల్లీ,

ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ముందు మంచిమాట. మీ అమ్మ బతికింది.

నీ జవాబు లారీ డ్రైవరు బట్టీ దగ్గరే ఇచ్చాడు. నాది కూడబలుక్కుని చదివే చదువు కదా. "నాన్నా, ముందు కుంపటి బయట పారెయ్. తలుపులు తెరు. మిగతాది తర్వాత చదువు" అని పెద్ద అక్షరాలతో రాశావు. "తలుపులు" దాకా వచ్చేసరికి నా కాళ్లు పరిగెడుతున్నాయి. పొద్దున నేనే రెండు కుంపట్లు రాజేసి, తలుపు దగ్గరగా వేసి, గోనె సర్ది వచ్చాను.

ఆవిడ మంచం మీంచి కింద పడి ఉంది. బుగ్గలు పచ్చిపుండులా ఎర్రగా ఉన్నాయి. ఈడ్చుకుని వసారాలోకి తెచ్చాను. డ్రైవరు లారీలో ఎక్కించాడు, సున్నం బస్తాల మధ్య ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి ఆడుతోందో లేదో చూడటానికి ధైర్యం చాలక దారంతా బస్తాలే చూశాను.

మిగతా ఉత్తరం ఇక్కడ చదివాను. బొగ్గుకు గాలి చాలకపోతే ఇంకో ఆక్సైడ్ పుడుతుందనీ, అది ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు, కాగితం రంగు మార్చదు, తేటను విరగ్గొట్టదు, వాసనైనా వెయ్యదనీ రాశావు. అన్నీ ఈ రెండింట్లోనే ఉంటాయనుకున్నాను. సున్నానికి దొరక్కపోతే లోకంలోనే లేదనుకున్నాను. కుంపటి పెట్టి, సందులు మూసి దానికి పుట్టుక ఇచ్చింది నేనే.

నాలుగు గంటలు ముక్కు మీద ఆక్సిజన్ పెట్టాక కళ్లు తెరిచింది. వంగి, నేనెవర్ని అని అడిగాను. "బుద్ధిలేనివాడివి" అంది. అంత తీపి మాట నేను విన్లేదు.

తర్వాత అంతా ఒప్పుకున్నాను. చెప్పకుండా దాచేద్దామనే అనుకున్నాను, కానీ నోరు ఆగలేదు. ఆవిడ గోడవైపు తిరిగి దుప్పటి మెడదాకా లాక్కుంది. చివరికి దుప్పటిలోంచి కాళ్లు బయటికి తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇకనుంచి మోకాళ్లు నీ చేతుల్తోనే కాచు" అంది.

కాస్తున్నాను. ఒక చేత్తో రాస్తున్నాను, అందుకే ఇంత వంకర.

నాన్న