ఇద్దరికి ఒక్క దుప్పటి

ఉదయగిరి నుంచి

అక్క రత్తమ్మకు, బావకు తమ్ముడు చెన్నయ్య చేతులు జోడించి రాసేది. ఇక్కడ నేనూ నీ మరదలు మరియమ్మా ప్రాణాలతో ఉన్నాము. చేజర్లలో మీరంతా అలాగే ఉన్నారని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నాయన కాళ్ల వాపు తగ్గిందా? ఎద్దు ఒకటే మిగిలిందని విన్నాను. అదైనా ఉందా? దీన్ని మీకు మిషను పంతులుగారు చదివి వినిపిస్తారు కనుక ఆయనకు కూడా వందనాలు. ఇందులో నాకు సిగ్గు తెచ్చే సంగతి ఒకటి ఉంది. అయినా ఆయన మధ్యలో ఆపకుండా చదవాలని నా మనవి.

ధాత పోయి ఈశ్వర సంవత్సరం వచ్చింది కానీ వాన రాలేదు. శ్రావణంలో కూడా కొండ మీద నుంచి వేడి గాలే దిగుతున్నది. దుత్తలూరు వైపు నుంచి రోజూ జనం నడిచి వస్తున్నారు. దారిలో ఆగిపోయినవాళ్ల గురించి రాయను. మేము బాగానే ఉన్నాము, దిగులు పెట్టుకోవద్దు. సర్కారువారు కరువు జనానికి రోజుకొక పూట గంజి పోసే చోట నాకు పని దొరికింది. దాన్ని ఇక్కడ గంజి తొట్టి అంటారు. సొంతంగా నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఉన్నాయి కనుక వచ్చినవాళ్లను లెక్క వేసే పని ఇచ్చారు. కూలి గింజలుగా ఇస్తారు. మొదట్లో ఇద్దరికీ సరిపోయేది. ఉప్పు దొరకడం లేదు. చప్పటి సంగటి అలవాటైపోయింది. మాట్లాడేందుకు మనిషి లేడు. నేను అక్కడా ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. అయినా ఊళ్లో నోరు మూసుకుని ఉండటం వేరు, ఇక్కడ ఉండటం వేరు.

నువ్వు పోయిన ఉత్తరంలో అడిగించిన మాట గుర్తుంది. ప్రార్థనలో ఆడవాళ్లు తల కప్పుకోవాలని పంతులుగారు చెప్పారనీ, నువ్వు కొంగు తల మీదికి లాక్కుంటే మీ అత్త "మొగుడు బతికుండగానే ఆ ముండమోపి ముసుగేంది" అని గొడవ చేస్తున్నదనీ రాయించావు. ఏం చేయాలో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను. తల కప్పుకోవడం గురించి ఇక్కడ నేను చూసిందీ చేసిందీ మాత్రం రాస్తాను.

తొట్టి దగ్గర ఒకరికి ఒక్కసారే పోస్తారు. పోసేముందు ఎడమ మణికట్టు మీద నీలిమందుతో నేను గీత పెట్టేవాణ్ణి. సాయిబుల ఇళ్ల నుంచి ఘోషా ఆడవాళ్లు నలుగురైదుగురు వస్తారు. నిలువెల్లా దుప్పటి కప్పుకుంటారు. పరాయి మగవాడు వాళ్ల చెయ్యి పట్టుకోకూడదు, మొహం చూడకూడదు. పరాయివాళ్ల మధ్య వాళ్లు గొంతు ఎత్తరు. అందుకని వాళ్లకు గీత వద్దని నేనే తొట్టి మేస్త్రీని బతిమాలి ఒప్పించాను. గంజి ఇంటికి తీసుకుపోనిచ్చాము. మనిషికి బదులు దుప్పటి గుర్తు రాసుకునేవాణ్ణి. ఎర్రంచుది వచ్చింది, మాసికలది వచ్చింది, అట్లా. మర్యాద చేస్తున్నానని అనుకున్నాను.

ఎర్రంచు దుప్పటి మస్తాన్‌బీది. ఆమె భర్త కొయ్య గరిటెలు చెక్కేవాడు, చైత్రంలో పోయాడు. మాసికల దుప్పటి ఆమె కూతురు జైనాబీది. ఆ పిల్లకు పదహారేళ్లు. ఈ పేర్లన్నీ నాకు తర్వాత తెలిసినవి. అప్పుడు నాకు తెలిసింది దుప్పట్లే.

ఒకరోజు మాసికల దుప్పటి రాలేదు. ఎర్రంచు దుప్పటి వచ్చి గంజి పట్టుకుని పోయింది. వరస సగం కూడా కదలకముందే అదే ఎర్రంచు దుప్పటి మళ్లీ నా ముందుకు వచ్చింది.

"నీకు ఇందాకే పోసినారు గదమ్మా" అన్నాను.

జవాబు లేదు.

"మళ్లీ ఎందుకొచ్చినావు?"

చిప్ప పట్టుకుని అట్లాగే నిలబడింది. వెనక నుంచి ఒకడు అరిచాడు. "మొహం కనపడదు గదా, ఎన్ని తూర్లయినా రావచ్చు! రేపట్నించి నేనూ దుప్పటి కప్పుకోనొస్తా!" జనం నవ్వారు. ఆ పక్కనే ఒక ముసలామె, "మాకేమో చేతుల మీద గీతలు, ఈమెకు దొరసాని మర్యాద!" అన్నది.

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "ఏందిరా చెన్నయ్యా, నీ లెక్క ఇదేనా?"

నేను లేచి నిలబడి, "ఈమె రెండోతూరి వచ్చింది. గంజి పోయొద్దు" అని అందరికీ వినపడేలా చెప్పాను. అంత గట్టిగా నేను ఎన్నడూ మాట్లాడలేదు. చిప్ప దుప్పటి లోపలికి పోయింది. ఆమె తిరిగి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు తృప్తి కూడా కలిగింది. అది దాచను.

తర్వాత నాలుగు రోజులు ఎర్రంచు దుప్పటి రోజుకొక్కసారే వచ్చింది. అయిదో రోజు రాలేదు. ఆరో రోజూ రాలేదు. సంగటి తింటూ మరియమ్మతో, "పట్టుబడింది కనుక సిగ్గుపడి రావడం లేదు" అన్నాను.

"రెండు దినాలుగా గంజి లేకుండా ఎట్లుండాదో ఆ మనిషి. నువ్వు చూడకూడదు గానీ నేను చూడొచ్చు గదా. పోయొస్తా" అని లేచింది.

తలుపు వెనక మస్తాన్‌బీ గోనెపట్ట చుట్టుకుని కూర్చుని ఉన్నదట. జైనాబీ ముందురోజే పోయింది. వీధిలో మగవాళ్లు తీసుకుపోయి పూడ్చి వచ్చారు. ఆ పిల్ల మీద కప్పేందుకు ఇంట్లో ఉన్నది ఆ ఎర్రంచు దుప్పటే.

మాసికల దుప్పటిని రెండు మానికల జొన్నలకు ఇచ్చేశారట. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒక్కటే. తల్లి కప్పుకుని వచ్చి, ఇంటికిపోయి విప్పి ఇస్తే, కూతురు కప్పుకుని వచ్చింది. నేను వెనక్కి పంపిన మనిషి ఆ రోజు అంతకుముందు నా దగ్గరికి రాలేదు. నేను కాదన్నాక నాలుగు రోజులు ఒక్క చిప్ప ఇద్దరూ తాగారు. ఆ పిల్ల "నేను ముందే తాగినా అమ్మీ" అని తల్లికే పోసేదట. ఆ పిల్లకు జ్వరం కూడా ఉన్నది.

మరియమ్మ చీర పొట్టిది. ఒళ్లు కప్పితే తలకు చాలదు. అందుకని ప్రార్థనకు కప్పుకోవడానికి బాప్తిస్మం నాటి తెల్లగుడ్డ ఒకటి దాచుకున్నది. దాన్ని తీసుకుపోయి మస్తాన్‌బీకి ఇచ్చింది. ఆదివారం వట్టి తలతో కూర్చుంటే ఇక్కడి పంతులు కారణం అడిగాడు. "అది ఒకామె ప్రాణానికి కావలసి వచ్చిందయ్యా. ఈ పొద్దుకు నా తల ఇట్లే ఉండనీండి" అన్నది. ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు.

గుడ్డ ఇచ్చినా మస్తాన్‌బీ తొట్టికి రాలేదు. మరియమ్మ చేత నాకు మాట పంపింది. "నా బిడ్డ గంజి దొంగ కాదు. పదిమందిలో అన్నాడు గదా, ఆ పదిమందిలోనే కాదని చెప్పమను. అంతదాకా ఆ గంజి నాకు హరాం."

మూడు రోజులు నాకు నోరు రాలేదు. ఒక రోజు లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాను. మేస్త్రీ పనిలోనుంచి తీసేస్తాడనే భయం కొంత. అది మాత్రమే కాదు. మరియమ్మ మా సంగటిలో సగం తీసుకుపోతే మస్తాన్‌బీ మొహం తిప్పుకున్నది. మూడో రోజు మరియమ్మ గిన్నె అట్లాగే వెనక్కి తెచ్చి నా ముందు పెట్టింది. "ఆమె ఇంక లేవలేకుండా ఉండాది. నువ్వు నోరు తెరుస్తావా, ఆమెకు గూడా గుంట తవ్విస్తావా?"

మరునాడు వరస నిండుగా ఉన్నప్పుడు లేచాను. "ఆ దినం ఎర్రంచు దుప్పట్లో రెండోతూరి వచ్చింది తల్లి కాదు, బిడ్డ. ఇద్దరికీ ఒక్కటే దుప్పటి. ఆ పిల్ల పేరు జైనాబీ. ఆమె దొంగ కాదు. నేను దుప్పటిని లెక్క వేసినాను, మనిషిని వెయ్యలేదు. ఆ పిల్ల చచ్చిపోయింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. దుప్పటి కప్పుకుని వస్తానన్న వాడి కోసం చూశాను. వాడు వరసలో లేడు. రావడం మానేసి ఎన్నాళ్లయిందో నాకు తెలియదు.

"నిన్నెవడు చెప్పమన్నాడురా?" అన్నాడు మేస్త్రీ. లెక్క పని వేరేవాడికి ఇచ్చాడు. ఇప్పుడు నేను తొట్టికి నీళ్లు మోస్తున్నాను. గింజలు సగానికి తగ్గాయి. అయినా బతకగలము. మీరు దిగులు పడవద్దు. గుడ్డ లేక ఇళ్లలోనే ఉండిపోయిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారని మరియమ్మ అంటున్నది. పాతవి, చినిగినవి ఏవైనా ఉంటే ఆత్మకూరు నుంచి వచ్చే బండ్లవాళ్ల చేత పంపు.

మొన్న మస్తాన్‌బీ వచ్చింది. మరియమ్మ భుజం పట్టుకుని, నాలుగడుగులకొకసారి ఆగుతూ వచ్చింది. కొత్త లెక్క మనిషి తల ఎత్తకుండానే, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు. నేను నీళ్ల కుండతో అక్కడే ఆగిపోయాను. ఆమె పలకదనుకున్నాను. తెల్లగుడ్డ లోపలి నుంచి, వరస చివరిదాకా వినపడేటట్టు, "జైనాబీ తల్లిని" అన్నది. అతను అట్లాగే రాసుకున్నాడు. ఆమె చిప్ప ముందుకు చాచింది.

నాయన పాదాలకు మా ఇద్దరి దండాలు. బావకు, మీ అత్తకు, అడిగినవాళ్లందరికీ మా క్షేమం చెప్పు. పెద్దల దీవెన మా మీద ఉండాలి. ఆదివారం ప్రార్థనలో మస్తాన్‌బీ కోసం అడగండి. ఆ పిల్లను కూడా పేరు పెట్టే తలుచుకోండి.

నీ తమ్ముడు
చెన్నయ్య