గిన్నె అడుగున నూనె

నల్లపాడు,
29-4-2003

వీరమ్మకు,

ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను. నువ్వూ, రెబెకా, పసివాడూ మార్టూరులో కులాసాగా ఉన్నారని తలుస్తాను. మనవడికి నా ముక్కు వచ్చిందని రాశావు. పాపం వాడు. ఇక్కడ మిరపకాయల ఘాటుకి ఊరు మొత్తం తుమ్ముతోంది.

ఏం తింటున్నారని అడిగావు. కూర ఎక్కువ, అన్నం గుప్పెడు. నేను బీరువా మీద దాచిన నూనె సీసాని దించి మళ్ళీ పొయ్యి పక్కన పెట్టాను. అలా ఎందుకు చేశానో ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

మళ్ళీ రక్తపరీక్ష చేయించాను. ఈస్టరుకు ముందు శ్రమదినాలన్నీ ఉపవాసముండి నూనె, మాంసం మానేశాను కదా, కొవ్వంతా కరిగి ఉంటుందని ధీమాగా గుంటూరు వెళ్ళాను. తీరా చూస్తే ట్రైగ్లిజరైడ్లనే చెడ్డ కొవ్వు రెట్టింపయింది, మంచి కొలెస్ట్రాల్ ఇంకా పడిపోయింది. మా ఆవిడ చాటుగా నూనె వేసి ఉంటుందన్నాను. డాక్టరుగారు నా పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఏం తినేవారని అడిగారు. పగలంతా పస్తు, సాయంత్రం చెరుకురసం, రాత్రికి కంచం నిండా అన్నం, పచ్చిపులుసు అని గొప్పగా చెప్పాను.

నా ఒంట్లో ఇన్సులిన్ ఊరుతోందట గానీ, ఒళ్ళు దాని మాట వినడం లేదట, మా ఐదో తరగతి పిల్లల్లాగా. అందుకే తిన్న అన్నం, తాగిన తీపి కాలేయంలో కొవ్వుగా మారి రక్తంలోకి దిగుతున్నాయట. "మాస్టారూ, ఈ కొవ్వు మీ ఆవిడ గరిటెలోంచి రాలేదు, మీ కంచంలోంచి వచ్చింది" అన్నారు.

నేను చర్చిలో సాక్ష్యం చెప్పిన ఆదివారం గుర్తొచ్చింది. నా భార్య చేతి నూనె నన్ను చంపబోతే దేవుడు విడిపించాడన్నాను. ఆడవాళ్ళంతా నీవైపు తిరిగారు. నువ్వు కొంగు సర్దుకుని చాప వైపు చూశావు. నేనేమో భలే చెప్పాననుకున్నాను, సిగ్గులేనివాణ్ణి. అమ్మాయి కాన్పుకి ఇంకా నెలుందన్నా వినకుండా మర్నాడే బస్సెక్కావు.

నీకు తెలియనిది ఇంకొకటుంది. నువ్వు నూనె చుక్క లేకుండా వంకాయ వండిన రోజుల్లో, నువ్వు నీళ్ళకు వెళ్ళగానే గిన్నె అడుగు వేలితో రుద్ది చూసేవాణ్ణి. ఒక్కసారీ జిడ్డు అంటలేదు వీరమ్మా. అది తెలిసి కూడా డాక్టరు ముందు నీ మీదే చెప్పాను.

మొన్న ఆదివారం నిజం చెబుదామని చర్చిలో లేచాను. నువ్వు కూర్చునే చోట చాప ఖాళీగా ఉంది. నా కోసం ప్రార్థన చేయండని మాత్రం అని కూర్చుండిపోయాను. నువ్వు లేనప్పుడు చెబితే అదీ పిరికితనమే అనిపించింది.

ఇంకా ఎన్నాళ్ళుండమంటారని అడిగావు. అది నేను చెప్పకూడదు. శనివారం నేనే వస్తున్నాను. మర్నాడు ఆరాధనలో, మార్టూరు చర్చిలో, అమ్మాయి అత్తమామల ఎదుటే, జరిగిందంతా చెబుతాను. రావాలో వద్దో ఆ తర్వాత నీ ఇష్టం. నేను చెబుతున్నంతసేపూ నువ్వు మాత్రం చాప వైపు చూడకు, నా మొహంలోకి చూడు.

ఇట్లు,
రెబెకా నాన్న
జక్రయ్య