మొన లేని ముల్లు

తమ్ముడు రఘువీర్‌కి,

నాన్న చేతుల వణుకు బాగా ఎక్కువైందిరా. పోయిన నెల గేలానికి ఎరలా కట్టే, నీళ్లలో గిర్రున తిరిగే స్పిన్నర్ రేకు ముల్లు వేలిలో దిగబడితే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. చేపలు పట్టడం మానమనలేక, ఆయనకు తెలియకుండా ముళ్ల మొనలు కత్తిరించేశాను. చూపు ఆనక ఆయన గమనించలేదు.

నిన్న సముద్రపు పోటుతో కోహో సాల్మన్ చేపలు నదిలోకి ఎక్కాయి. నాన్న విసిరిన స్పిన్నర్‌ని ఒకటి అందుకుంది. "పడిందే తల్లీ!" అని అరిచారు. అంతలోనే జారిపోయింది. ఇంకోటి పడింది, అదీ పోయింది.

"నా చేతుల్లో ఇక పస లేదమ్మా," అంటూ రాడ్ నాకిచ్చి కార్లో కూర్చున్నారు.

ఇవాళ నదికి రమ్మంటే గోడవైపు తిరిగి పడుకున్నారు. నిజం చెబితే, తనను పసివాడిలా చూశానని ఇంకా కుంగిపోతారు. నువ్వొకసారి ఫోన్ చెయ్యి. చేపల సంగతి మాత్రం ఎత్తకు.

ఒరెగాన్ నుంచి,
అక్క