వంశీ టీమ్‌కి వేసిన మార్కులు

ఏప్రిల్, శుక్రవారం రాత్రి, మాంచెస్టర్

ఈ రోజు న్యాయం జరిగింది. దాదాపుగా.

నిరుడు అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, నేను అభిమానించే టీమ్ తీసుకున్న కాలేజీ కుర్రాళ్లను చూసి, ఫ్లాట్‌మేట్ వంశీ బీటెక్ ఎగ్జామినర్‌లా గొంతు సవరించుకుని, "అందరికీ సప్లీ!" అన్నాడు. ఆ సప్లీ నాకే పేరై అతుక్కుంది. చివరికి మా మూడో ఫ్లాట్‌మేట్ హారిక కూడా అలాగే పిలుస్తోంది. బీటెక్‌లో ఒక్క సబ్జెక్టూ తప్పనివాణ్ణి నేను!

ఏడాదంతా ఓపిక పట్టాను. సాయంత్రం ముగ్గురం కూర్చుని నిన్నటి డ్రాఫ్ట్ చూస్తుంటే, వంశీ టీమ్ మొట్టమొదటి ఎంపికగా ఒక కిక్కర్‌ను తీసుకుంది. బంతిని తన్నడానికి కాసేపు వచ్చి వెళ్లిపోయేవాణ్ణి, ఎవరైనా చివర్లో తీసుకునేవాణ్ణి!

నేను గంభీరంగా లేచి నిలబడ్డాను.

"పేపర్ దిద్దాను. వీడికి సప్లీ రాసే అర్హత కూడా లేదు. గ్రౌండ్‌లో కనపడేదే కాసేపు. అటెండెన్స్ చాలక డిటైన్డ్!"

"నోర్ముయ్‌రా," అన్నాడు వంశీ, మొహం మాడ్చుకుని.

ఇకపై వాడి పేరు డిటైన్డ్ అని ప్రకటించబోతున్నాను. అంతలో హారిక నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "అబ్బ, భలే చెప్పావ్ సప్లీ!" అంది. అంతే, మాడిన మొహం కాస్తా విప్పుకుని వంశీ పగలబడి నవ్వాడు.

గోడ అవతల వంశీ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వనీ. వాడి టీమ్‌కి రెండో రౌండ్ ఎంపిక ఇంకా మిగిలే ఉంది.