తాబేలు మీద ఫిర్యాదు

ఒరేయ్ తమ్ముడూ,

నీ కబురు చదివి మీ బావ టీ గ్లాసు కింద పెట్టేశాడు. నేను జిప్పు కొలుస్తూ కొలుస్తూ ఎన్ని అంగుళాలో మరిచిపోయాను. ఏడాది పాటు ఉద్యోగానికి సెలవు కావాలని అర్జీ పెట్టావా? ఆ ఏడాది జీతం నగరపాలక సంస్థ వాళ్ళు ఇస్తారా? నువ్వేమో ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసి, అందరికీ ఊరికే పంచిపెడతావా? పైగా రాసిందంతా తెరిచి ఉంచుతారట, ఎవడైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, దిద్దొచ్చు! కొట్టు బార్లా తెరిచి బజారుకి పోయినట్టుందిరా ఇది.

ఊరికే ఇచ్చేదాని సంగతి నాకు బాగా తెలుసు. మన గుండీల కొట్టులో ఎనిమిది వందల సొరుగులు. ఏ సొరుగులో ఏముందో లేబుల్ కొట్టడానికి రిపేరాయన ఓ ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టిపోయాడు. నాలుగేళ్ళు బంగారంలా నడిచింది. పోయిన వారం దానికి ఏదో కొత్త అప్‌డేట్ దిగింది, అంతే, సగం లేబుళ్ళు తెల్లగా వస్తున్నాయి. టైలరమ్మ కోటు గుండీలడిగితే కొక్కేలిచ్చాను. "కళ్ళద్దాలు మార్చుకో తల్లీ" అని నలుగురిలో అనేసింది.

ఊరుకుంటానా? దాన్ని రాసినవాడికి ఫిర్యాదులు పెట్టే పేజీ ఉంది. అక్కడ వాడు పెట్టుకున్న పేరు తాబేలు అట. కడిగి ఆరేశాను: "పేరుకు తగ్గట్టే ఉంది నీ పని. సగం లేబుళ్ళు తెల్లగా వచ్చి నా కొట్టే ఆగిపోయింది. చేతకాకపోతే మానెయ్. నిన్ను నమ్మిన నాది బుద్ధి తక్కువ." కింద గుండీల కొట్టు అని రాశాను. "క్షమించండి అండీ, చూస్తాను" అన్నాడు. చూడలేదు ఇంకా.

అందుకే చెప్తున్నా, అలాంటి వాళ్ళలో కలవకు.

మీ అక్క


తమ్ముడూ,

గబగబా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

ఇందాక నగర కార్యాలయం నుంచి ఒకావిడ వచ్చింది. సెలవులకి అర్జీ పెట్టుకున్నవాళ్ళ పనిని ఎవరు వాడుతున్నారో స్వయంగా చూసి వెళ్ళాలట. "తాబేలు మీద ఫిర్యాదు రాసింది మీరేనా?" అంది. "నేనే, ఇంకా రాస్తాను" అన్నాను ధీమాగా. ఫైలు తెరిచి "ఈయనేనండీ" అని ఫోటో చూపించింది.

నువ్వు.

గుండీల బస్తా మీద అలాగే కూలబడ్డాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అయిదేళ్ళ కింద నువ్వు కొట్టులో కూర్చోనన్నావు. "అయితే నీ కంప్యూటరు సరుకేదీ నా గడప తొక్కకూడదు" అన్నాను. కోపంలో అన్నానని అందరికీ చెప్పుకున్నాను గానీ, కోపం కాదు, భయం. నాన్న పోయాక అన్ని సొరుగులూ నా ఒక్కదాని మీద పడ్డాయని. ఆ భయాన్ని నీ మీద పారేశాను. నువ్వేమో మాట దాటకుండా, రిపేరాయన చేత ఆ సరుకే దొడ్డిదారిన పంపావు. ఇప్పుడాయన్ని నిలదీస్తే, "చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడమ్మా" అంటున్నాడు. గుండీల కొట్టు అని చూసే ఉంటావు. చూసి కూడా సొంత అక్కని "అండీ" అన్నావు. ఆ ఒక్క మాట గుచ్చుకున్నంత ఇంకేదీ గుచ్చుకోలేదు.

ఫిర్యాదు తీసేస్తానని ఆవిడని బతిమాలాను. కుదరదట. అర్జీ పెట్టిన రోజు నుంచి ఆ పేజీలో అక్షరం కూడా తియ్యకూడదట, కమిటీ అంతా చదువుతుందట. తొమ్మిది మంది అడిగితే ఇద్దరికే ఇస్తారట. నీ నోటి దగ్గర కూడు నేనే తన్నేశానా? గురువారం వాడకందార్లని పిలిచి వింటారు, అర్జీదార్లని రానివ్వరు. నేను వెళ్తున్నాను. నువ్వు వద్దన్నా సరే.

అక్క


చిట్టి తమ్ముడూ,

వెళ్ళొచ్చాను. ఇంకా తేరుకోలేదు. కమిటీ వాళ్ళు ముగ్గురు కూర్చున్నారు, నడుమ ఒక బట్టతలాయన. లేచి నిలబడి, నీ పనితనం గురించి రాత్రంతా బట్టీపట్టిన పొగడ్తలు ఎత్తుకున్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు ఆయనకేమవుతారమ్మా?"

"అక్కనండీ."

"అయితే మీ మాట చెల్లదు. చుట్టాల సాక్ష్యం రాసుకోకూడదు." కలం కింద పెట్టేశాడు.

"మరి నా తిట్టో?" అన్నాను.

"అది రాసినప్పుడు మీ తమ్ముడని తెలుసా?"

"తెలిస్తే ఇంకో నాలుగు కలిపేదాన్ని."

నవ్వారు. ఆయన పక్కనున్న ఆవిడ, "తెలియక రాశారు కాబట్టి అది చెల్లుతుంది" అంది. విన్నావా! నా పొగడ్త చెల్లదట, నా తిట్టు చెల్లుతుందట! ఇదెక్కడి న్యాయమని నోరు తెరిచాను. ఆవిడే మళ్ళీ, "మిగతా అర్జీల్లో అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఇది ఆగితే కొట్టు ఆగిపోతుందని చెప్పింది మీ తిట్టొక్కటే" అంది.

బట్టతలాయన అడిగాడు, "ఇప్పుడైనా ఫిర్యాదు అబద్ధమంటారా?"

అనొచ్చు. అనలేకపోయాను. "నిజమేనండీ. పగలంతా ఇంకొకరి కొలువు చేసి, మిగిలిన బుర్రతో నా సొరుగులు సర్దితే లేబుళ్ళు తెల్లగా రాక ఏమొస్తాయి? పొద్దున్నే, తెలివిగా ఉన్నప్పుడు చెయ్యనివ్వండి. అప్పుడూ తెల్లగా వస్తే చెవి మెలిపెట్టే పూచీ నాది" అన్నాను. రాసుకోలేదు. కానీ విన్నారు.

గంటసేపు బయట కూర్చోబెట్టి పిలిచారు. ఇచ్చారురా. ఏడాది మొత్తం ఇచ్చారు! కాగితం నీకు రేపు వస్తుంది, నేను ముందే చెప్పేశాను, ఏం చేస్తారో చేసుకోమను.

వచ్చేటప్పుడు ఆ కమిటీ ఆవిడే ఒక మాట అడిగింది. తియ్యకూడదు గానీ, ఆ ఫిర్యాదు తీరిపోయిందని మూసే హక్కు రాసినవాళ్ళదేనట, ఇప్పుడు మూసేయవచ్చట. వద్దన్నాను. తమ్ముడివని ఊరుకుంటానా? లేబుళ్ళు తెల్లగానే వస్తున్నాయి. సరిచెయ్యి, నేను ప్రింటు తీసి కళ్ళారా చూసుకుని మూస్తాను.

ఈ వారం మాత్రం దాన్ని ముట్టుకోకు. కడుపునిండా తిని పడుకో. తొందరేం లేదు, నీకు ఏడాది ఉంది.

నీ అక్క
("అండీ" కాదు)